ఎల్లమ్మకు తీసిన అచ్చు

చిన్నరాములుకు గట్టిగా వచ్చిన పని ఒక్కటే, బ్రష్షుతో రబ్బరు అచ్చు తీయడం. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫైబర్ బొమ్మల షెడ్డు ఉంది. అందులో పంతొమ్మిదేళ్లుగా అదే పని. హోటళ్ల ముందు నమస్కారం పెట్టే ఆడబొమ్మలు, ఫంక్షన్ హాళ్ల గోడల మీది నెమళ్లు, పెళ్లి మంటపాల ఏనుగు తలలు, వీటిలో సగానికి మొదటి అచ్చు అతని చేతిదే. భానూరు దగ్గరి పల్లెలో కూలి చేసుకు బతికిన ఇంట పుట్టాడు, ఏడో తరగతి గట్టెక్కలేదు. అయినా బిహారు నుంచి వచ్చిన పనివాళ్లు కూడా అతన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు.

ఒక్క విషయంలో మాత్రం అతనికి ముక్కు మీద కోపం. నమూనా మట్టిదైనా చెక్కదైనా ముందు శుభ్రం చేయాలి, పగుళ్లు పూడ్చాలి, ఒళ్లంతా మైనం రాయాలి. ఆ తర్వాతే రబ్బరు. లేకపోతే అది సందుసందుల్లోకి దిగి పట్టుకుంటుంది, విప్పేటప్పుడు పైపొరను ఊడబెరుక్కుని వస్తుంది. మైనం రాయకుండా బ్రష్షు ముట్టినవాణ్ణి అతను తిట్టే తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. అలాంటివాడు తన సొంత ఇంట్లో ఏం చేశాడో చెబితే షెడ్డులో ఒక్కడు కూడా నమ్మడు.

వాళ్ల ఇంటి ఇలవేల్పు ఎల్లమ్మ. జానెడు చెక్క బొమ్మ. తాత తండ్రి నాటిది. దేవునర్రలో, అంటే పూజగదిలో, గోడ గూట్లో ఉంటుంది. ప్రతి మంగళవారం తల్లి ఎంకమ్మ పొద్దున్నే తలస్నానం చేసి ఆ ముఖానికి పసుపు రాసి బొట్టు పెడుతుంది. ఎంకమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. ఎదురుగా ఉన్న మనిషి కూడా నీడలాగే కనిపిస్తాడు. కానీ ఎల్లమ్మ ముఖం మీద ఆమె వేళ్లు ఒక్కసారి తడబడలేదు. ముక్కు, కళ్లు, నుదురు, అన్నీ వేళ్లకే తెలుసు. పొలం పనులు పోయి, భర్త పోయి, చూపు కూడా పోయాక ఆ ముసలమ్మకు మిగిలిన పని అదొక్కటే.

ఇన్నాళ్లూ అద్దెకున్న పెద్దకొడుకు ఐలన్నకు కొల్లూరులో సర్కారు ఇల్లు వచ్చింది. తొమ్మిదో అంతస్తు. ఇలవేల్పు పెద్దకొడుకు ఇంట ఉండాలన్నది వాళ్ల ఆనవాయితీ.

"తమ్మీ, ఆదివారం వచ్చి ఎల్లమ్మను తీస్కపోత. అవ్వను గూడ రమ్మను," అన్నాడు ఫోన్లో.

ఎంకమ్మ ఇదివరకే అక్కడ మూడు రోజులు ఉండి చూసింది. లిఫ్టు ఎక్కాలంటే గుండెదడ. తలుపు వేసుకుంటే పలకరించే దిక్కు లేదు. ఇక పొమ్మన్నా పోనంది. ఎల్లమ్మను పోవద్దని మాత్రం అనలేకపోయింది. ఆ పూట అన్నం కలుపుకుని తినకుండా కూర్చుంది.

చిన్నరాములు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "అవ్వా, నువ్వు పరేషాన్ గాకు. గిసుంటి బొమ్మనే ఇంకోటి చేస్త. అన్నకొకటి, నీకొకటి. గది నా పనే గదా!" అన్నాడు. ముసలమ్మ ముఖం విప్పారింది. ఆ వెలుగు చూశాక ఇక అతను ఆగలేదు. షెడ్డులో అడిగి, డబ్బా అడుగున మిగిలిన రబ్బరు, గట్టిపడే మందు, రెండు కిలోల ప్లాస్టరు తెచ్చుకున్నాడు.

రెండు రోజులు సెలవు పెట్టి, గురువారం వాకిట్లో చాప పరిచాడు. బొమ్మను వెలుగులోకి తెచ్చి చూస్తే, ముఖం మీద వేలి మందాన పసుపు పేరుకుని పెచ్చుకట్టి ఉంది.

"అవ్వా, గీ పెచ్చు జెర కడిగి మైనం రాయాలె."

"ఎల్లమ్మకు నీళ్లు తగలొద్దు కొడుకా. పసుపు మీద పసుపే. మీ తాతల నాటి నుంచి గట్లనే. ఆ తల్లి మొకానికి నీ కంపెనీ మైనం రాస్తవా?"

"రాయకుంటే రబ్బరు పట్టుకుంటదే."

"నూనెల కలిపి పసుపు పెడ్త. నూనె ఉన్న కాడ ఏం పట్టుకుంటది?"

ఇదే మాట షెడ్డులో ఇంకెవడైనా అంటే వాడి వంశం మొత్తాన్ని ఎత్తి తిట్టేవాడు. ఇక్కడ తల ఊపాడు. బొమ్మలకు జంకని మనిషి ఎల్లమ్మకు జంకాడు. గోకితే ఏ పాపం చుట్టుకుంటుందో అనుకున్నాడు. నూనె సరిపోతుందిలే అని తనకు తాను అబద్ధం చెప్పుకున్నాడు. ఎంకమ్మ నూనెలో పసుపు కలిపి తీరిగ్గా రాసింది.

మొదటి పూత పలచగా వేశాడు, కళ్ల మూలల్లో బుడగలు నిలవకుండా నోటితో ఊదుతూ. అది వేలికి జిగటగా తగిలేదాకా ఆగి రెండోది, ఆపైన చిక్కగా మూడోది. రబ్బరు ఒంగిపోకుండా పైన ప్లాస్టరుతో రెండు చిప్పలు కట్టాడు. ఎంకమ్మ గడప మీద కూర్చుని, "ఊపిరాడుతదా కొడుకా తల్లికి?" అని రెండుసార్లు అడిగింది. అతను నవ్వాడు.

శుక్రవారం మధ్యాహ్నం విప్పాడు. చిప్పలు సుఖంగా వచ్చాయి. వెనకవైపు బ్లేడుతో గాటు పెట్టి రబ్బరును ఒలిచాడు. భుజాల దాకా బాగానే వచ్చింది. ముఖం దగ్గర బిగుసుకుంది. జెర లాగాడు. ఎండిన మట్టిపెళ్ల విరిగినట్టు చప్పుడైంది.

ఎల్లమ్మకు ముఖం లేదు. అక్కడ చెదలు తిన్న బొరియ, అందులోంచి రాలుతున్న పొడి. లోపలి చెక్క ఎన్నడో పుచ్చి పొడైపోయింది. ఇన్నాళ్లూ నిలిచింది ఉత్త పసుపు. తల్లి, ఆమె అత్త, ఆ అత్త అత్త, అందరూ రాసిన పసుపు గట్టిపడి ముఖమైంది. ఇప్పుడది ముక్కలై రబ్బరు లోపల అతుక్కుని ఉంది.

"అయిందా?" అంది ఎంకమ్మ.

"అయింది," అన్నాడు. పాత బొమ్మను గూట్లో పెట్టి, అచ్చును సంచిలో వేసుకుని షెడ్డుకు బయల్దేరాడు.

కొత్త బొమ్మ పోయాలంటే అచ్చు శుభ్రం కావాలి. అచ్చు శుభ్రం కావాలంటే ఎల్లమ్మ ముఖాన్ని తన చేత్తోనే గీకిపారేయాలి. షెడ్డు వెనక కూర్చుని వెదురుపుల్లతో గీకాడు. ఏడుస్తూనే గీకాడు. ఆ ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. ఫైబర్ బొమ్మలకు వాడే రెజిన్ పోస్తే బొమ్మ చక్కగా వచ్చింది. అంత మంచి పోత అతను జన్మలో పోయలేదు.

ఆదివారం ఐలన్న కొత్త బొమ్మను చూసి మురిసిపోయాడు. పాతదాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "గిదెందుకింక, చెరువుల కలిపెయ్. అవ్వకు ఇంకోటి పోసియ్యి," అని కొత్త బొమ్మను సంచిలో పెట్టుకుపోయాడు. చిన్నరాములు అదే అచ్చులో రెండోది పోసి గూట్లో పెట్టాడు. పాతదాన్ని చెరువులో కలపడానికి చేతులు రాక కొత్తదాని పక్కనే నిలబెట్టి, పసుపు ముక్కల పొట్లాన్ని దాని కాళ్ల దగ్గర పెట్టాడు. జరిగిందంతా తల్లికి చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. కొడుతుందేమోనని ఆశపడ్డాడు కూడా. ఆమె మంగళవారానికి పసుపు ఉందో లేదోనని డబ్బా తడిమి చూసుకుంది.

మంగళవారం పొద్దున్నే ఎంకమ్మ తలస్నానం చేసి పసుపు గిన్నెతో గూటి ముందు నిలబడింది. ముందు కొత్త బొమ్మను తడిమింది. అద్దంలా నున్నగా ఉన్న ఆ చెంప మీద పసుపు నిలవక జారిపోయింది. చెయ్యి పాతదాని మీదికి పోయింది. వేళ్లు బొరియలోకి దిగాయి, చటుక్కున వెనక్కి వచ్చాయి. మళ్లీ కొత్తదాని మీదికి, మళ్లీ పాతదాని మీదికి. పసుపు గోడకంటింది.

"రాములూ, యాడ పెట్టాల్నో జెర నా చెయ్యి వట్టి సూపియ్యరా," అంది.

చిన్నరాములు లేచి వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఎన్ని వేల బొమ్మలకు కన్ను, ముక్కు తీర్చాడో లెక్కలేదు. ఆ చేతిని ఎటు తీసుకుపోవాలో అతనికి తెలియలేదు. రెండు బొమ్మల నడుమ ఆపేశాడు. ఎంకమ్మ తన చెయ్యి విడిపించుకుని, వేళ్లకున్న పసుపును కొంగుకు తుడుచుకుని బయటికి వెళ్లి కూర్చుంది.