అత్తమ్మ దవడకు దిష్టి

మా ఇంట్లో మటన్ వండిన రోజున అత్తమ్మకు ఊళ్లో ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. కూర వాసన గుమ్మం దాటకముందే కొంగు దోపుకుని పక్కింటికి వెళ్లిపోయేది. మేమంతా తిని చేతులు కడుక్కున్నాక వచ్చి, ఇంత పెరుగన్నం కలుపుకునేది. కారణం అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. ఒకప్పుడు మూలుగ బొక్కను చప్పుడు చేస్తూ చీకి, ఆ తర్వాత కొరికి పిప్పి చేసిన మనిషి. మా నల్లగొండ వైపు ఫ్లోరైడు బోరు నీళ్లు ఆ తరం పళ్లను ముందు పచ్చగా చేశాయి, తర్వాత రాల్చేశాయి. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నాయి గానీ పోయిన పళ్లు తిరిగి రావు కదా. కట్టించిన పళ్ల సెట్టులో పైది బాగానే కూర్చుంది. కిందిది మాత్రం ముద్ద నోట్లో పెడితే చాలు, లేచి ఊగేది.

నకిరేకల్‌లో ఒక పళ్ల డాక్టరు, దవడ ఎముకలో మరలు బిగించి సెట్టును వాటికి పట్టించవచ్చన్నాడు. అయితే పళ్లు పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఎముక అరిగి ఉండొచ్చని, మామూలు ఎక్స్‌రేలో దాని మందం తెలియదని, నల్లగొండలో త్రీడీ స్కానింగ్ తీయించుకు రమ్మన్నాడు. ఎముక చాలకపోతే ఆశ వదులుకోవాల్సిందే. బస్సులో దారి పొడుగునా అత్తమ్మ గడ్డం నొక్కి చూసుకుంటూనే ఉంది.

"బొక్క ఉన్నదంటవా?"

"లేకుంటే గిన్ని మాటలు ఎట్ల మాట్లాడ్తవ్ అత్తమ్మా?" అన్నాను. నాకు కోపమూ వెటకారమూ రెండూ ముక్కు మీదే ఉంటాయి.

స్కానింగ్ గదిలో కమ్మలు, ముక్కుపుల్ల, పళ్ల సెట్టు తీయించి నా చేతిలో పెట్టారు. ఆమె గడ్డాన్ని యంత్రానికున్న చిన్న పీట మీద ఆనించారు. "కదలొద్దు అవ్వా, మిషిను నీ తల సుట్టు ఒక్కపారి తిరుగుతది" అని చెప్పి, టెక్నీషియన్ అమ్మాయి అద్దం వెనక్కి వచ్చింది. నేనూ అక్కడే నిలబడ్డాను. యంత్రం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. అత్తమ్మ కళ్లు మూసుకుని బొమ్మలా నిలబడింది. నేను లోలోపల మెచ్చుకుంటూ ఉండగానే, చుట్టు పూర్తి కాకముందే, ఆమె తల వంచి గట్టిగా "థూ! థూ! థూ!" అంది.

స్కానింగ్ బొమ్మంతా చెదిరిపోయింది. అమ్మాయి లోపలికి పరుగెత్తింది. "ఏమైందవ్వా?"

"ఏం గాలె బిడ్డా. తల సుట్టు తిప్పినంక ఉమ్మకుంటే దిష్టెట్ల పోతది?"

నిజమే. పుట్టినప్పటి నుంచీ తల చుట్టూ ఉప్పు తిప్పినా, మిరపకాయలు తిప్పినా, చివర్న మూడుసార్లు ఉమ్మడమే ఆమెకు తెలిసిన పద్ధతి. నాకు ఒళ్లు మండింది. "గీడ దిష్టేంది అత్తమ్మా, జర ఇజ్జత్ కాపాడు" అని అరవబోయి, మధ్యలోనే నవ్వేశాను. అమ్మాయి మాత్రం ఓపికగా, "తిరుగుడు అయినంక నేను జెప్త అవ్వా, అప్పుడు ఉమ్ము" అంది. రెండోసారి అత్తమ్మ రవ్వంత కూడా కదల్లేదు. "ఆఁ, ఇగ ఉమ్ము" అన్నాకే తృప్తిగా ఉమ్మింది.

మళ్లీ నకిరేకల్ వచ్చాం. డాక్టరు కంప్యూటర్లో దవడను అటూ ఇటూ తిప్పి, కాకరకాయ చక్రాలు కోసినట్టు ముక్కలు ముక్కలుగా చూపించాడు.

"ఎన్క దిక్కు బాగ అరిగింది, నరం దగ్గర్నే ఉన్నది. గాడ మరలు పెట్టలేం" అన్నాడు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ముందట, గడ్డం కాడ మాత్రం గట్టిగున్నది. గీడ రెండు పెడితే సాలు, కింది సెట్టు కదలది" అన్నాడు డాక్టరు.

అత్తమ్మ ఆ చివరి మాటను ఆయనతో మళ్లీ చెప్పించుకుంది.

బస్టాండుకు వెళ్తూ మటన్ దుకాణం ముందు ఆగింది. "అరకిలో కొట్టియ్యమను. బొక్కలు జర ఎక్కువెయ్యమను."

"మరలు పెట్టి, అవి గట్టిపడేతాలకు నెలలు పడ్తది అత్తమ్మా. ఇయ్యాల నువ్వెట్ల తింటవు?"

"నేను తిననే. మీరు తినుండ్రి, నేను సూస్త."

ఆ సాయంత్రం అత్తమ్మ పక్కింటికి పోలేదు. మా మధ్యలో పీట వేసుకుని, పెరుగన్నం తింటూ, నాకు మూలుగ బొక్క చీకడం కూడా చేతకాదని తిడుతూనే ఉంది. అంత సంతోషంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.