కాంపౌండరు గారి మూడో గీత

కాంపౌండరు గారు కొలవకుండా ఏదీ ఒంపరు. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి మందుల గదిలో నిలబడి, గ్లాసు బల్ల మీద పెట్టి, మోకాళ్ళు వంచి, కంటిని సరిగ్గా గీతకు ఎదురుగా తెచ్చుకుని మందు పోసిన మనిషి ఆయన. క్యూలో ఎంతమంది గోలపెట్టినా ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "గీత మీద ఎందుకండీ అంత పట్టుదల?" అని ఎవరైనా అడిగితే, "అచ్చువేసినవాడు ఊరికే వేస్తాడా?" అనేవారు. అంత పెద్దమనిషిని బోల్తా కొట్టించడానికి ఆ ఒక్క నమ్మకం చాలు.

రిటైరయ్యాక ఆయన కష్టాలు మొదలయ్యాయి. వంటింట్లోకి వెళితే కోడలు "మీకెందుకు మామయ్యా, వెళ్ళి కూర్చోండి" అనేది. కూర్చోవడం ఒక్కటే ఆయనకు రాని విద్య. కొడుకుది నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కోడలు పొద్దున్నే బ్యాంకుకు పరుగెత్తాలి. అందుకని బతిమాలి, బామాలి, బట్టలుతికే పని సంపాదించుకున్నారు. బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన స్టూలు వేసుకుని, జేబులు తడిమి, కాలర్లు తిప్పి చూసి, ఆరేళ్ళ మనవరాలి యూనిఫాం మీది మరకల్ని కళ్ళద్దాలు పెట్టుకుని పరిశీలించి, ఆ తర్వాతే మీట నొక్కేవారు. ఆ ఇంట్లో తాను పనికొచ్చేది ఆ గంటన్నరే అని ఆయనకు తెలుసు. దాని కోసమే పొద్దున్నే లేచేవారు.

లిక్విడ్ సీసా మూతలో మూడు గీతలుంటాయి. మామూలు మురికికి మొదటిది, ఎక్కువ మురికికి రెండోది, మొండి మురికికి మూడోది. ఏది మామూలో, ఏది మొండో కంపెనీవాడు చెప్పడు. సీసా మీది బొమ్మలో మాత్రం ఒక నవ్వులావిడ మూత నిండుగా ఒంపుతూ ఉంటుంది. మనవరాలి యూనిఫాం చూస్తే ఎవరైనా అది మొండి మురికే అంటారు. కాబట్టి కాంపౌండరు గారు రోజూ మూడో గీతకు పోసేవారు. మోకాళ్ళు వంచి, కన్ను ఎదురుగా పెట్టి, చుక్క ఎక్కువ కాకుండా.

రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత సీసా మారింది. "కొత్తది! రెట్టింపు శక్తి!" అని దాని మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మూత కూడా కాస్త బొద్దుగా, పట్టుకోవడానికి హాయిగా తయారైంది. గీతలు మాత్రం మూడే. ఆయన మూడో గీతను వదల్లేదు.

నెల తిరక్కుండా మనవరాలికి దురద పట్టుకుంది. వీపు గోక్కుంటూ నిద్రలేచేది, మెడ గోక్కుంటూ బడికి వెళ్ళేది. గోడకు వీపు రుద్దుకుంటుంటే చూసి మొదట్లో అందరూ నవ్వారు. మెడ మీద ఎర్రగా దద్దుర్లు తేలాక ఎవరికీ నవ్వు రాలేదు. డాక్టరు చూసి, ఒక పూతమందు రాసిచ్చి, "బట్టల్లో సబ్బు మిగిలిపోతోందేమో చూసుకోండి" అన్నాడు.

కోడలు మామగారి వైపు చూసింది. ఆ చూపు ఆయనకు గుచ్చుకుంది.

"నా చేతి కొలత తప్పదమ్మా" అన్నారు ఇంటికొచ్చాక.

"మిమ్మల్నేమీ అనడం లేదు మామయ్యా. సోమవారం నుంచి లాండ్రీ అతన్ని రమ్మన్నాను. మీకూ కాస్త విశ్రాంతి."

అది బుధవారం. సోమవారం లోపల దురద సంగతి తేల్చకపోతే ఆ గంటన్నర కూడా చేజారిపోతుంది.

ఇక్కడే కాంపౌండరు బుద్ధి కొంప ముంచింది. రోగం తగ్గలేదంటే మోతాదు చాలలేదన్నమాట. బట్టల్లో మురికి పూర్తిగా పోలేదు, అందుకే పిల్లకు దురద! మర్నాడు పిల్ల బట్టలు ఒకసారి ఉతికి, మళ్ళీ మూడో గీతకు పోసి రెండోసారి ఉతికారు. మెషీన్ గాజు తలుపు మొత్తం తెల్లబడింది. కాసేపటికి లిక్విడ్ పోసే అరలోంచి నురగ తన్నుకొచ్చి, బాల్కనీ దాటి హాల్లోకి నడిచొచ్చింది. మనవరాలు అందులో చతికిలబడి నురగతో మీసాలు, గడ్డం పెట్టుకుని, "తాతయ్యా, చూడు, నేనే నువ్వు!" అని కేరింతలు కొట్టింది. తాతయ్య చీపురు పట్టుకుని నురగను నెట్టసాగారు. నురగను చీపురుతో నెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. నెట్టినకొద్దీ పొంగుతుంది.

శుక్రవారం ఆ సీసా ముట్టుకోవడానికే ఆయనకు చెయ్యాడలేదు. ఉతికి మడతపెట్టిన బట్టల్నే ఉత్త నీళ్ళలో తిప్పి చూద్దామనుకున్నారు. చుక్క లిక్విడ్ వేయలేదు. స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంటే ఐదు నిమిషాలకు నురగ మొదలైంది. పది నిమిషాలకు గాజు తలుపు సగం నిండింది. ఇన్నాళ్ళూ పిల్ల ఒంటి మీద తిరిగింది ఆ నురగే.

ఆయన బీరువాలోంచి తన పాత మందుల గ్లాసు తీశారు. ఊడిన బొత్తాలు దాచుకోవడానికి ఉంచుకున్న పాత సీసా మూత గుర్తొచ్చి, బొత్తాలు కుమ్మరించి దాన్నీ తెచ్చారు. రెండు మూతల్లోనూ మూడో గీత దాకా నీళ్ళు పోసి గ్లాసులో కొలిచారు. పాతది నలభై మిల్లీలీటర్లు, కొత్తది డెబ్బై. నమ్మబుద్ధికాక మళ్ళీ కొలిచారు. డెబ్బయ్యే. బలం రెట్టింపయితే మోతాదు సగం కావాలి, ఏ మందుల గదిలోనైనా మొదటి రోజు నేర్పే పాఠమిది. ఇక్కడ బలమూ పెరిగింది, మోతాదూ పెరిగింది. సీసా తొందరగా ఖాళీ అయితే ఎవరికి లాభమో చెప్పడానికి కాంపౌండరు చదువు కూడా అక్కర్లేదు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. సీసా వెనక చీమ తలకాయంత అంకెల్లో ఉన్న నంబరు వెతికి పట్టుకుని కంపెనీకి ఫోన్ చేశారు.

"మూడో గీత మొండి మురికికి సార్" అంది ఒక అమ్మాయి, పాఠం అప్పజెప్పినట్టు.

"మొండి మురికంటే ఏమిటమ్మా?"

"సులభంగా వదలని మురికి సార్."

"ఆరేళ్ళ పిల్ల బట్టలు తల్లీ. మా ఇంట్లో బొగ్గు గనిలోకి దిగేవాళ్ళెవరూ లేరు."

"రోజంతా నిలిచే పరిమళం కోసం మూడో గీత వాడమని మా సలహా సార్."

"ఆ పరిమళమే పిల్ల మెడ మీద దద్దుర్లై తేలింది. సరే, మీ ఇంట్లో ఎంత పోస్తారు?"

ఆ అమ్మాయి గొంతు బాగా తగ్గించి, "మా అమ్మ రెండు చెంచాలు పోస్తుంది సార్" అని, వెంటనే గొంతు పెంచి, "మీకు ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంది.

"చేసేశావు తల్లీ. చల్లగా ఉండు."

ఆ సాయంత్రం కోడలు బ్యాంకు నుంచి రాగానే కూర్చోమని, రెండు మూతలూ ఆమె ముందు పెట్టారు. ఊరందరికీ చేదు మందులు పోసిన మనిషికి తప్పు ఒప్పుకోవడం ఎంత చేదో అప్పుడు తెలిసింది.

"దురద నా చేతి మీదుగానే వచ్చిందమ్మా. అచ్చువేసిన గీతను నమ్మాను. పిల్ల గోక్కుంటున్నా సీసాను అనుమానించలేదు, మురికినే అనుమానించాను. లాండ్రీ అతన్నే రానివ్వు" అన్నారు. ఆయనకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, కానీ కోడలి ముందు ఆపుకున్నారు.

కోడలు పాత మూతను కొత్త మూతలో పెట్టింది. అది లోపల లొటలొటలాడింది. "నేనైతే కొలవను కూడా కొలవను మామయ్యా. ఆ బొమ్మలో ఆవిడలాగే నిండా ఒంపేస్తాను" అంది. ఇంకేమీ తేల్చకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శని, ఆదివారాలు ఆయన ఇంట్లో బట్టలన్నింటినీ నురగ రావడం మానేదాకా ఉత్త నీళ్ళలో జాడించారు. పోయే పనైనా శుభ్రంగా అప్పజెప్పాలి కదా. ఆదివారం సాయంత్రానికి పిల్ల గోడ జోలికి వెళ్ళడం మానేసింది.

సోమవారం పొద్దున్నే లాండ్రీ అతను గంట కొట్టాడు. కాంపౌండరు గారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. కోడలు లోపలి నుంచి కర్టెన్లు, దుప్పట్లు, సోఫా తొడుగులు మోసుకొచ్చి అతని ముందు పడేసింది.

అతను మూట కట్టుకుంటూ, "రోజువారీ బట్టలన్నారు కదమ్మా?" అన్నాడు.

"అవి మా మామయ్యే ఉతుకుతారు" అంది కోడలు. "పిల్ల ఒంటి మీద వేసే బట్టలు. మీరు సబ్బు ఎంత పోస్తారో నాకేం తెలుసు?"

పేపరు వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.