ముగ్గు మీద నడిచిన పడవ

ఈమధ్య పటమటలో మా వీధి చివర ఎవరో ఇల్లు మొదలుపెట్టారు. పునాదులకు ముగ్గు పోశారు. రాత్రి జల్లు పడింది కాబోలు, పొద్దున్నే అటు నడుస్తుంటే తడిసిన సున్నం వాసన, పక్కనే దింపిన పచ్చి వెదుళ్ల వాసన కలిసి వచ్చాయి. ఆ రెండూ కలిస్తే నాకు కోటేశ్వరరావు గారే గుర్తొస్తారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. డెబ్బైల్లో గవర్నరుపేటలో రెండు గదుల ఆఫీసు పెట్టుకుని భవనాలకు ప్లాన్లు వేసిన ఇంజనీరు. నేను ఆయన దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌ని.

నా చదువు ఎస్సెల్సీతో ఆగింది. మిగిలిందంతా గ్రంథాలయంలోనే. ఆఫీసు కాగానే అక్కడికి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని, భవన నిర్మాణం మీద వచ్చే విదేశీ పత్రికలు అక్షరం వదలకుండా చదివేవాణ్ణి. నగిషీలు లేని కాంక్రీటు, పొడవాటి కిటికీలు, చదునైన కప్పు, ఇదే అసలైన అందమని తీర్మానించుకున్నాను. ఆ సంగతి కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాణ్ణి కూడా.

విశ్వవిద్యాలయం వాళ్లు విద్యార్థుల రోయింగ్ పోటీల కోసం బ్యారేజీకి ఎగువన, కృష్ణ ఒడ్డున పడవలు భద్రపరిచే బోట్ హౌస్ కట్టించాలనుకున్నప్పుడు, అది నేను గీస్తానని అడిగాను. ఆయన కళ్లజోడు మీదుగా నన్ను చూశారు. మా ప్లాన్ల కింది మూలలో మూడు గళ్లుండేవి. రూపకల్పన, గీసినవారు, సరిచూసినవారు. నా పేరు ఎప్పుడూ రెండో గడిలోనే.

"గియ్యవయ్యా. ముగ్గు మీద నిలిస్తే మొదటి గడిలో నీ పేరే రాస్తా," అన్నారు. నెల రోజులు నాకు ఆ గడే లోకం.

ముగ్గు మీద నడవడం ఆయన పద్ధతి. కాగితాన్ని ఎంత మెచ్చుకున్నా నమ్మేవారు కాదు. నేల మీద ముగ్గు పోయించి, ఆ భవనంలో రేపు ఏది మోస్తారో దాన్ని మనుషుల చేత మోయించి చూసేవారు. ఆసుపత్రికైతే స్ట్రెచర్, కల్యాణమండపానికైతే అన్నం గుండిగ. ఉయ్యూరులో ఒకసారి ఖాళీ గుండిగ తిప్పించి, వంటింటి గుమ్మాన్ని రెండడుగులు జరిపించారు.

నలుగురు తెడ్లు వేసే పడవ పొడవు నలభై రెండడుగులు. అసలు పడవలింకా రాలేదు కనక వెదుళ్లు కలిపి ఆ పొడవుకు కట్టించారు. ముందు కొసన నేను, మధ్యలో ఇద్దరు కూలీలు, వెనక కొసన నాగయ్య. అతను ఆ రేవులోనే చేపలు పట్టేవాడు. బోట్ హౌస్‌లో పడవలు చూసుకునే పనికి కుదిరాడు.

పత్రికలో చూసినట్టే నేను పడవలుంచే హాలును నది పొడవునా పరిచి, తలుపును తూర్పు కొసన పెట్టాను. తలుపు బయట, ఎదురుగా ఇరవై అయిదడుగుల దూరంలో, ఏ గోడకూ ఆనకుండా పై అంతస్తుకు మెలి తిరిగే కాంక్రీటు మెట్లు. ఆ మెట్లంటే నాకు ప్రాణం. వెదురు భుజాన వేసుకుని లోపలినుంచి గర్వంగా తలుపు గీత దాటాను. మెట్ల ముగ్గు కాలికి తగిలేసరికి పదిహేడడుగుల వెదురు ఇంకా లోపలే ఉంది. నది వైపు తిరగబోతే వెనకవాళ్లు గోడ గీత తొక్కేశారు. తలుపు వెడల్పు చూసుకున్నాను, పడవ పొడవు చూసుకున్నాను. పడవ తిరిగే చోటు ఏ పత్రికా చెప్పలేదు, నాకూ తట్టలేదు.

"మడతేసే పడవలేమన్నా ఉన్నయ్యా బాబూ, మీ పుస్తకాల్లో?" అన్నాడు నాగయ్య వెనకనుంచి.

కూలీలు నవ్వారు. మర్నాడే పునాదులు తవ్వాలి. మెట్లు తీసేద్దామన్నాను. తీసేసినా ఆ వెనకే హద్దు గోడ. కోటేశ్వరరావు గారు కోప్పడలేదు. నువ్వయితే పడవ ఎలా తీస్తావని నాగయ్యను అడిగారు.

"గుమ్మం నీళ్లకేసి ఉండాలండీ. బాబుగారు గోడకేసి పెట్టారు. ఈ పక్కంతా తెరిస్తే, మంచం వాకిట్లో వేసుకున్నట్టు అడ్డంగా ఎత్తి బయట పెట్టుకుంటాం."

అటుపక్కంతా తెరిస్తే పై అంతస్తును మోసేదేది? నది వైపు నేను అయిదు స్తంభాలు గీశాను. ఆయన అక్కడే ఇసుకలో కూర్చుని పుల్లతో లెక్క వేశారు. పై వరండా పిట్టగోడనే లోతైన దూలంగా మార్చి, రెండు కొసల్లో రెండే స్తంభాలు ఉంచారు. మధ్యలో దాదాపు యాభై అడుగులు ఖాళీ. పత్రికల్లో చూసి నేను అబ్బురపడిన, స్తంభాల్లేని పొడవాటి ఖాళీల్లోంచి ఎవరో ఏదో మోసుకుంటూ బయటికి రావాలి. ఆ సంగతి బొమ్మల్లో కనపడదు. నా మెట్లను మాత్రం ఆయన కదిలించలేదు.

సాయంత్రం ప్లాన్ మళ్లీ గీసి, మొదటి గడి ఖాళీగా వదిలి ఆయన ముందు పెట్టాను. ఇదేమిటన్నారు. నిలవలేదు కదండీ అన్నాను.

"ఆ ప్లాన్ మీద సంతకం పెట్టింది నేనేగా. నేనూ చూడలేదు," అంటూ మొదటి గడిలో నా పేరు రాశారు. ఎప్పుడూ తన పేరు ఉండే మూడో గడిలో 'నాగయ్య' అని రాశారు. ఈ నాగయ్య ఎవరని విశ్వవిద్యాలయం వాళ్లు అడిగితే, మా చెకింగ్ ఇంజనీరండీ అన్నారట.

తరవాత ఎన్నో భవనాలు గీశాను. గ్రంథాలయానికి వెళ్లడమూ మానలేదు, వెదురు పట్టడమూ మానలేదు. మొన్న పటమటలో ఆ ముగ్గు దగ్గర నిలబడి, మెట్లు మలుపు తిరిగే చోటు చూశాను. కాస్త ఇరుకనిపించింది. చెప్పులు విప్పి లోపలికి నడిచాను.

"ఏం కావాలి పెద్దాయనా?" అన్నాడు మేస్త్రీ.

దింపిన వాటిలోంచి ఒక వెదురు తీసి భుజాన వేసుకున్నాను.

"మంచం తిరుగుద్దో లేదో చూద్దాం. ఆ కొస పట్టుకో."