సుగ్గికి పోని అమ్మ

ఎదురింటి కోడలు ఆదోని ఆసుపత్రిలో జ్వరంతో పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా కోసిగిలో పాలు పోసే అక్క. ఆ కోడల్ని మట్టి చేసేటప్పుడు ఆమె ఆరేళ్ల కూతుర్ని మా ఇంట్లో ఉంచారు. "మీయమ్మ సుగ్గికి పోయిందిలే," అని పెద్దలు పిల్లకు చెప్పారు. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోవడాన్ని మేము సుగ్గి అంటాం. ఏటా సగం ఊరు పోతుంది కాబట్టి పిల్ల నమ్మింది.

ఎండాకాలంలో వలస బండ్లు తిరిగొచ్చాయి. "మాయమ్మ మూట నేనే మోస్తా," అంటూ పిల్ల రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎండుమిరప మూటలతో అందరూ దిగారు.

"అందరమ్మలూ వచ్చినారు. మాయమ్మకు నేను వద్దా అవ్వా?" అని నాయనమ్మను అడిగింది.

అవ్వ అక్కడే కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నిన్ను ఇడిసిపెట్టే మనిషి కాదు తల్లీ. సచ్చిపోయింది. మేమే అబద్ధం సెప్పినాము."

ఆ సాయంత్రం ఇద్దరూ సమాధి దగ్గరికి పోయి వచ్చారు. అవ్వకు ఆ ధైర్యమిచ్చిన దేవుడికి నేను రోజూ దండం పెట్టుకుంటాను. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే తల్లి చివరిచూపైనా దక్కేది కదా అని బాధ మాత్రం పోదు. మీరు మొక్కుకునేటప్పుడు ఆ పిల్లను ఒక్కసారి తలచుకోండి.