సోఫా వచ్చాక తగ్గిన మోత

బీమా ఆఫీసులో గుమస్తాగా రిటైరైన ఆయన్ని వీధంతా సౌండు బాబాయి అంటుంది. స్పీకర్లకి చోటు కావాలని హాల్లో సోఫాని వరండాలోకి గెంటేశాడు. అప్పట్నుంచి గది ఖాళీ బిందెలా మోగుతోంది. తప్పు వైర్లదేనని తేల్చి, వైరు మీద వైరు మారుస్తున్నాడు. ఆయన భార్య, మోకాళ్ళ నొప్పుల పిన్ని, ప్లాస్టిక్ కుర్చీకి అంకితమైపోయింది.

ఒకరోజు ఆయన కొత్త వైరు కోసం వెళ్ళినప్పుడు జోరుగా వాన పడింది. సోఫా తడిసిపోతుందని పిన్ని పక్కింటివాళ్ళ సాయంతో లోపలికి తెచ్చేసింది.

బాబాయి వచ్చి, సోఫాని చూసి మొహం మాడ్చుకున్నాడు. అయినా ముందు వైరు తగిలించి పాట పెట్టాడు.

"విన్నావా, గొంతు ఎంత శుభ్రంగా ఉందో. వైరంటే ఇదీ."

"వైరు కాదండీ, సోఫా. కావాలంటే పాత వైరు పెట్టి వినండి."

పెట్టాడు. పాట అంతే శుభ్రంగా ఉంది. బాబాయి కొత్త వైరుని చుట్టచుట్టి పక్కన పెట్టాడు.

"సరే, సోఫా ఇక్కడే ఉండనీ. దానిమీద మాత్రం ఎవరూ కూర్చోకూడదు. సౌండు చెడిపోతుంది."

పిన్ని వెళ్ళి సోఫా మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

బాబాయి కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"కొంచెం ఎడమకి జరుగు" అన్నాడు.