ప్రసన్న రెండు గన్నులు

సలాబత్‌పురా బట్టల బజారు వెనక సందులో, చీరల దుకాణం మెట్ల కింద నాలుగడుగుల చెక్క బంకు ఒకటుంది. అది బ్రహ్మచారి అనే ఆయనది. ఆయన సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి ముప్పైఅయిదేళ్లు దాటింది. మొదట్లో ఖటోదరాలో షెడ్డు షెడ్డుకూ తిరిగి, మరమగ్గాల్లో విరిగిన కొయ్యా ఇనుమూ సరిచేసేవాడు. కొత్త మిషన్లు వచ్చి ఆ పని తగ్గాక తాళాల్లోకి దిగాడు. కొడుకులిద్దరికీ నేర్పబోతే వాళ్లు చీరల ప్యాకింగుకు పోయారు. కూర్చుని నేర్చుకున్నది కూతురు ప్రసన్న.

పెళ్లయి ఉన్ బస్తీలో కాపురం పెట్టాక కూడా ఆమె రోజూ స్కూటీ మీద బంకుకు వచ్చేది. భర్త నరహరి మగ్గం కార్మికుడు, నెమ్మదస్తుడు. 2020లో కరోనాతో మగ్గాలు ఆగిపోయి, బస్తీలకు బస్తీలే రైలెక్కి ఊళ్లకు పోతుంటే ఆయన కూడా మూటలు కట్టాడు. ప్రసన్న ఆ మూటలు విప్పేసింది.

"నేను పుట్టింది ఈడ్నే. ఏ ఊరికి పోవాలె నేను?" అంది.

మరుసటేడు ఏప్రిల్లో రెండోసారి జబ్బు విరుచుకుపడింది. అప్పుడు తాళాలవాళ్లకు వచ్చిన ఫోన్లన్నీ ఒకలాంటివే. ఎవరికో ఊపిరాడక అంబులెన్సు వస్తుంది. ఇంట్లోవాళ్లు ఉన్నపళంగా బయటికి వస్తారు. వాళ్ల వెనకే తలుపు దానంతటదే లాక్ పడిపోతుంది. తాళంచెవి లోపలే ఉండిపోతుంది. అలాంటి ఇళ్లకు వెళ్లడానికి తాళాలవాళ్లు ఒప్పుకునేవారు కాదు. వాళ్ల భయమూ అబద్ధం కాదు. చేత్తో తాళం తెరవాలంటే తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని, మొహం తాళానికి ఆనించి, సన్నటి తీగలతో తాళం లోపలి పిన్నులు ఒక్కొక్కటే తడుముకుంటూ పదిహేను నిమిషాలు గడపాలి. జబ్బు మనిషి పట్టుకున్న గడియ, జబ్బు మనిషి దగ్గిన వరండా.

ప్రసన్న ఆలోచన గన్నుల మీదికి పోయింది అందుకే. తాళాలు తెరిచే గన్నంటే తూటాల తుపాకీ కాదు. చేత్తో నొక్కే మీట, లోపలొక స్ప్రింగు, ముందుకు చొచ్చుకు వచ్చిన సన్నటి సూది. మీట నొక్కితే సూది టప్పున కొట్టి పిన్నులన్నిటినీ ఒక్కసారే ఎగరేస్తుంది. అవి గాల్లో ఉన్న ఆ లిప్తలో, రెండో చేతిలోని వంకర కడ్డీతో తాళాన్ని తిప్పాలి. అదృష్టం బాగుంటే అరనిమిషం పని.

ఆమె దగ్గర రెండు గన్నులు చేరాయి. ఒకటి కొత్తది, ఎర్ర పిడి, విదేశీ సరుకు, స్ప్రింగు చాలా బలం. రెండోది పాతది. స్టేషను దగ్గర తాళాలు చేసే ఒక సర్దార్‌జీ ఊరికి వెళ్లిపోతూ ఇచ్చాడు. పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది. పక్కనున్న చిన్న చక్రం తిప్పితే దెబ్బ తగ్గుతుంది, పెరుగుతుంది. ఎర్రదానికి బర్రె అనీ, పాతదానికి పిల్లి అనీ ఆమే పేర్లు పెట్టింది.

ఏది మంచిదో తేల్చుకోవడానికి ఒక చెక్కకు పదకొండు పాత తాళాలు బిగించి, ఉన్‌లో తన వంటగది గట్టు మీద పెట్టుకుంది. మూడు రోజులు ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ నోటుబుక్కులో రాసుకుంది. బర్రె తొమ్మిదింటిని తెరిచింది, అదీ క్షణాల్లో. పిల్లి ఏడింటిని తెరిచింది, ఎక్కువసేపు తీసుకుంది. కానీ బర్రె తెరిచిన తొమ్మిదింటిలో నాలుగింటికి మళ్లీ తాళంచెవి పెడితే తిరగలేదు. లోపలి స్ప్రింగులు నలిగిపోయాయి. పిల్లి తెరిచినవి అన్నీ ముందులాగే పనిచేశాయి.

బ్రహ్మచారి అవి రెండూ చేతిలోకి తీసుకుని చూశాడు.

"రెండూ వేస్టే బిడ్డా. తాళం మాట వినేది చేతికే."

"నువ్వు చేత్తోని పది తెరుస్తవ్ నాయినా, నాకు ఎరుకే. కాని ఒక్కోదానికి పావుగంట. ఆ పావుగంట మూతి ఎక్కడ పెట్టుకోవాలె?"

ఆయన ఎర్రదాన్ని ఆమె వైపు జరిపాడు. "మరి ఎర్రది వాడు. జల్ది బయటపడ్తవ్" అన్నాడు.

"తాళం కరాబైతే? దుకాణాలన్నీ బంద్. కొత్త తాళం ఏడ దొరుకుతది? దవాఖాన్ల నుంచి వచ్చినోళ్లు తలుపు తెరుసుకోని పండాల్నా?"

అలా పిల్లి మొదట, అది ఓడిపోతేనే బర్రె అని ఆమె నియమం పెట్టుకుంది. రెండు మాస్కులు, చేతులకు తొడుగులు, సంచిలో సబ్బునీళ్ల సీసా. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇల్లు వాళ్లదేనని ఆధార్ చూసి, రిజిస్టరులో పేరూ ఫోన్ నంబరూ రాయించి, సంతకం తీసుకున్నాకే తాళం ముట్టుకునేది. నరహరి ఒకటి రెండుసార్లు వద్దన్నాడు. ఆ తర్వాత ఆమె ఇంటికి వచ్చే సమయానికి వాకిట్లో వేణ్ణీళ్లు పెట్టి ఉంచడం మొదలుపెట్టాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను హజీరాలో ఒక కంపెనీలో ఇంజనీరును. అడాజన్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటాం. కింద, పార్కింగుకు ఎదురుగా ఉన్న ఫ్లాటులో వీరరాఘవులు గారు, పద్మిని గారు ఉంటారు. ఆయన వేరే కంపెనీలో మేనేజరు. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున ఇద్దరినీ ఒకే అంబులెన్సులో తీసుకుపోయారు. ఆ హడావిడిలో వాళ్ల తాళంచెవి కూడా లోపలే ఉండిపోయింది.

పదకొండు రోజులకు పద్మిని గారిని డిశ్చార్జి చేశారు. ఆయన ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నారు. పాత గుండె రిపోర్టులు తెమ్మని డాక్టరు చెబితే వాటికోసం ఆమె ఆటోలో ఇంటికి వచ్చింది. వచ్చి చూస్తే తలుపుకు కొత్త గొళ్లెం కొట్టి, దానికి పిడికెడంత తాళం వేసి ఉంది. మా సొసైటీ కమిటీ వేయించింది. సెక్రటరీ జయంతీభాయ్ నాలుగడుగుల దూరంలో నిలబడి, ఇంకో నెగెటివ్ రిపోర్టు తెచ్చేదాకా, పద్నాలుగు రోజులు ఎక్కడైనా ఉండి వచ్చేదాకా తాళంచెవి ఇవ్వనన్నాడు. ఆమె డిశ్చార్జి కాగితం చూపించింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

మిట్టమధ్యాహ్నం. గేటు పక్క సిమెంటు బెంచీ మీద ఆమె ప్లాస్టిక్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అదివరకు నా ఆఫీసు మిత్రుడొకడు ప్రసన్న నంబరు ఇచ్చాడు. నేను దాన్ని పద్మిని గారికి వాట్సాప్‌లో పంపించాను. నేను చేసింది అంతే. కిందికి దిగలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

ప్రసన్న గంటలో వచ్చింది; నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, "నన్ను పిలిచింది ఈ ఇంటామె" అని పద్మిని గారిని చూపించి లోపలికి వచ్చేసింది. జయంతీభాయ్ దిగి వచ్చాడు. వాళ్ల మాటలు హిందీలో నడిచాయి, గుర్తున్నంత మేరకు తెలుగులో రాస్తున్నాను.

"నువ్వెవరు? మీ మగవాళ్లెవరూ లేరా?"

"తాళాలు తెరిచేది నేనే."

"అది సొసైటీ తాళం. ముట్టుకుంటే పోలీసులను పిలుస్తాను."

"పిలవండి. వాళ్లు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను."

ఆమె వంగి తాళం చూసింది. లీవరు తాళం. లోపల పిన్నులుండవు, ఇత్తడి పలకలుంటాయి. గన్ను దానిమీద పనిచేయదు. ఆమె బయటికి తీసిన రెండు గన్నులనూ తిరిగి సంచిలో పెట్టేసరికి పైనెవరో నవ్వారు. ఆ నవ్వు మా అంతస్తు నుంచే వచ్చింది.

ప్రసన్న తల ఎత్తలేదు. పద్మిని గారి వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"అక్కా, ఈ గొళ్లెం మీరు పెట్టించినరా?"

"లేదమ్మా. మేం వెళ్లాక వీళ్లే కొట్టించారు."

"తలుపు మీదే కద?"

"మాదే."

"మీ తలుపుకున్న గొళ్లెం మీదే అయితది. కొయ్యమంటరా?"

పద్మిని గారు బెంచీ మీద నుంచి లేచింది. పదకొండు రోజులుగా మాట కూడా సరిగా రాని మనిషి. అన్ని బాల్కనీలకూ వినబడేలా అంది: "కొయ్యమ్మా!"

ప్రసన్న ముందు రిజిస్టరు తీసి సంతకం పెట్టించుకుంది. తర్వాత సంచిలోంచి ఇనుము కోసే రంపం తీసింది.

పాతిక నిమిషాలు పట్టింది. రెండు బ్లేడ్లు విరిగాయి. ఎండ సిమెంటు మీద పడి మొహానికి కొడుతోంది, ఆమె మాస్కు తడిసి మూతికి అతుక్కుపోయింది. కర్ కర్ మని ఆ చప్పుడు తప్ప మా సొసైటీలో మరో చప్పుడు లేదు. జయంతీభాయ్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఆమె ఒకసారి ఆగి, చెమట మోచేత్తో తుడుచుకుని, "దగ్గరికొచ్చి మంచిగా తీయండి. మొహం సరిగా పడాలి కదా" అని మాస్కు తీయబోతున్నట్టు దాని మీద చేయి వేసి తన పేరు, బంకు అడ్రసు గట్టిగా చెప్పింది. ఆయన నాలుగడుగుల దూరం దాటి రాలేదు.

గొళ్లెం తెగింది. వేసిన తాళం వేసినట్టే, తెగిన ముక్కతో సహా తీసి ఆయన కాళ్లకు కాస్త దూరంలో నేలమీద పెట్టింది.

"ఇదిగో మీ తాళం. గీత కూడా పడలేదు."

ఇక మిగిలింది తలుపుకున్న అసలు లాక్. బర్రె అయితే క్షణంలో తెరుస్తుంది, అందరి ముందూ దర్జాగా ఉంటుంది. ఆమె పిల్లినే తీసింది. చక్రం సగానికి తిప్పింది. టప్, టప్, టప్. తెరుచుకోలేదు. కొంచెం పెంచింది. మళ్లీ. పైన గుసగుసలు. నాలుగు నిమిషాలకు కడ్డీ మెల్లగా తిరిగి తలుపు లోపలికి జరిగింది. ఆమె పద్మిని గారిని లోపలికి పంపి, లోపలున్న తాళంచెవి తెప్పించి, మూడుసార్లు వేసి తీసి చూపించింది.

"తాళం మంచిగుంది అక్కా. లోపలి నుంచి ఏసుకోండ్రి. ఎవరు కొట్టినా తీయకుండ్రి."

రెండు రోజులకు పోలీసు చౌకీ నుంచి పిలుపు వచ్చింది. సొసైటీ ఫిర్యాదు చేసింది. ప్రసన్న రెండు గన్నులు, రంపం, రిజిస్టరు అన్నీ తనే తీసుకుని వెళ్లింది. నరహరి బయట స్కూటీ దగ్గర నిలబడ్డాడు. అక్కడి అధికారి బర్రెను చేతిలో తిప్పి చూశాడు.

"బెహన్, ఇవి దొంగలు వాడే సామాను."

"దొంగ పోయిన ప్రతి ఇంట్లో సంతకం తీసుకుంటాడా సాబ్? చూడండి, నలభై ఏడు సంతకాలు."

ఆయన రిజిస్టరు తిరగేశాడు. కేసు అయితే రాయలేదు. గన్నులు మాత్రం బీరువాలో పెట్టించాడు. ఇక మీద ఈ పని చేయనని రాసిస్తే తిరిగి ఇస్తానన్నాడు.

"తప్పు చేసుంటే కేసు రాయండి. చేయకపోతే నా సామాను ఇవ్వండి. పని మానేస్తానని మాత్రం నా చేత్తో రాయను."

అప్పటి నుంచి రోజూ పొద్దున పదింటికి చౌకీ బయట బెంచీ మీద వచ్చి కూర్చునేది. మధ్యాహ్నం దాకా కూర్చుని పనికి వెళ్లేది. ఆ రోజుల్లో ఆరు ఇళ్లు చేత్తోనే తెరిచింది, మోకాళ్ల మీద కూర్చుని, తండ్రి తీగలతో. "భయం కాలేదా?" అని తర్వాత నేనడిగితే, "ఎందుకు కాదు సార్? ఊపిరి బిగపట్టుకుంట, బయటికి పోయి ఇడుస్త, మల్ల వస్త" అంది.

పన్నెండో రోజున పద్మిని గారు జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసింది. కింద నేనూ సంతకం చేశాను. ఇద్దరం వెళ్లి చౌకీలో ఇచ్చాం. సొసైటీ నుంచి మూడో సంతకం దొరకలేదు. వీరరాఘవులు గారు మే చివరి వారంలో, చిక్కి సగమై, ఇంటికి వచ్చారు.

పంతొమ్మిదో రోజున గన్నులు వెనక్కి ఇచ్చారు. ఏ కాగితమూ రాయించుకోలేదు. రాయించుకున్నది ఆమే, సామాను ఇచ్చినట్టు, తేదీతో. ఎవరు దాంతో ఆడుకున్నారో కానీ పిల్లి సూది విరిగి ఉంది. బర్రెకు ఏమీ కాలేదు.

జూన్‌లో బంకు తెరిచాక వెళ్లి కలిశాను. కొత్త బోర్డు కట్టి ఉంది. 'ప్రసన్న, తాళాలు తెరువబడును' అని తెలుగులో, గుజరాతీలో, హిందీలో. ఆడపిల్ల పేరూ నంబరూ బజార్లో పెట్టొద్దని బ్రహ్మచారి రెండు రోజులు గొణిగాడట. ఇప్పుడు ఆ బోర్డు కిందే కూర్చుని తాళంచెవులు అరగదీస్తున్నాడు. ప్రసన్న స్ప్రింగు ఉక్కు ముక్కను ఆకురాయితో రుద్దుతోంది. పిల్లికి కొత్త సూది.

ఆ రోజు బాల్కనీలో నిలబడి చూసినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పాను. ఆమె రుద్దడం ఆపలేదు.

"నవ్వింది మీరేనా?"

"కాదు."

"అయితే సరే" అంది.

అంతలో ఫోను మోగింది. స్పీకరులో ఒక మగగొంతు, ఏదో సొసైటీ నుంచి, అర్జంటు అంటున్నాడు. ఎవరైనా మనిషిని పంపమన్నాడు.

"మనిషినే మాట్లాడుతున్నాను. నేనే వస్తాను" అంది హిందీలో.

అవతలి మనిషి, ఆడవాళ్లు వద్దు, వేరే ఎవరినైనా చూస్తామన్నాడు.

"చూడండి" అని ఫోను పెట్టేసి, సూదిని వెలుతురుకు ఎత్తి పట్టి ఒక కన్ను మూసి చూసింది. ఇంకా కొంచెం లావుగా ఉన్నట్టుంది. మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.