మ్యాప్‌లో లేని షామియానా

నేను ఫైర్‌మన్‌గా చేరిన మొదటి నెల. సాయంత్రం నాలుగూ పదికి స్టేషన్‌లో టీ తాగుతుండగా ఫోన్ మోగింది. మధురానగర్‌లో ఒక హాస్టల్ మెట్ల దగ్గర మంటలు లేచాయి, మూడో అంతస్తులో ఇద్దరమ్మాయిలు చిక్కుకున్నారు. ట్యాబ్‌లో మ్యాప్ చూసి దారి చెప్పడం నా పని. మైత్రీవనం దాటాక వచ్చే ఎడమ గల్లీలోకి తిప్పమన్నాను.

"గా గల్లీల షామియానా ఏసిండ్రు తమ్మీ," అన్నాడు డ్రైవర్ యాదగిరన్న.

"మ్యాప్‌ల ఖాళీగనే ఉందన్నా! చుట్టు తిరిగితే లేటయితది."

"నీ మ్యాప్‌కు పెండ్లి పత్రిక ఇయ్యలేదేమో," అంటూ ఆయన నేరుగా పోనిచ్చాడు.

గల్లీ ముందు నుంచి పోతుండగా చూశాను. అడ్డంగా షామియానా, కింద భోజనాల బల్లలు. లోపలికి వెళ్లుంటే బండి వెనక్కి తిప్పుకునే చోటు కూడా ఉండేది కాదు.

అమ్మాయిలిద్దరినీ నిచ్చెన మీదుగా దించాం. షామియానా సంగతి ఎలా తెలిసిందని తిరిగొస్తూ యాదగిరన్నను అడిగాను.

"డ్యూటీ ఎక్కంగనే టెంట్‌హౌస్ ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేస్త. షామియానాలు యాడ ఏస్తుండో చెప్తడు. జర ఇంటి ముచ్చట్లు సుత చెప్తడు."

యాదగిరన్న నిరుడు చనిపోయాడు. ఇప్పుడు షామియానా ఎక్కడ వేస్తే అక్కడ ఖాదర్ భాయే మా మ్యాప్‌లో గుర్తు పెడుతున్నాడు. డ్యూటీ ఎక్కగానే ఆయనకు ఎవరూ ఫోన్ చేయడం లేదు.